సణుగుడు కాయకము కాదు

శ్రీ గురుబసవలింగాయ నమః

విజయవాడ నుండి మచిలీపట్నమునకు పోవు రహదారిపై నున్న ఊరు కంకిపాడు. ఒకవైపు నుండి నగరము దానిని సమీపించుచున్నది. మరొకవైపు వరిచేలు, కాలువగట్లు ఇంకను నిలిచియున్నవి. ఇట్టి ఊరిలో తెల్లవారగనే టీ దుకాణము వద్ద నలుగురు కూడినచో వినవచ్చు మాటలేవో వేరుగ చెప్పనక్కరలేదు. ఎండలు హెచ్చినవి. ధరలు మండుచున్నవి. కోతకు కూలీలు దొరకరు. పిల్లలు సెల్‌ఫోను విడువరు. పొలములన్నియు ప్లాట్లగుచున్నవి. టీవీలో అరుపులే గాని వార్త లేదు. నాయకులందరు నొక్కటే. పూర్వకాలమే మేలు. ఈ మాటలతో మొదలైన దినము ఈ మాటలతోనే ముగియుచున్నది.

ఈ మాటలన్నియు అబద్ధములని ఎవరును అనజాలరు. ఎండ నిజమే, ధర నిజమే, పొలము ప్లాటగుట కంటికి కనబడుచున్న నిజమే. నొప్పి గలవాడు నొప్పి యనుట పాపము కాదు. భక్తుడు శివుని యెదుట మొరపెట్టుకొనుట భక్తిమార్గమున అనాదిగా నున్నదే. అయితే మొర వేరు, సణుగుడు వేరు. మొర వినువాడొకడు కలడు. మొరపెట్టినవాడు లేచి తన పనికి పోవును. సణుగుడు ఎవరిని ఉద్దేశించినదియు కాదు. సణుగువాడు కూర్చున్న చోటు విడువడు. మొర మనస్సును తేలిక చేయును. సణుగుడు ఉన్న భారమునే మరునాటికి మరికొంత పెంచును.

బసవేశ్వరుడు భక్తుడు వర్జింపవలసినవానిని చెప్పునపుడు దొంగతనము, హత్య, అసత్యములతో పాటు కోపమును, పరులయెడ అసహ్యమును, ఆత్మస్తుతిని, పరనిందను కూడ చేర్చినాడు. ఇది గమనింపదగిన విషయము. దొంగతనము చేయనివారు లోకమున ననేకులు కలరు. హత్య చేయనివారు అంతకంటె ననేకులు. కాని పరనింద చేయక ఒక్క దినము గడపినవారెందరు? సణుగుడులో ఈ నాలుగు దోషములును ఒక్కచోట చేరియుండును. కాలము చెడ్డదనువాడు కోపగించుచున్నాడు; జనులు చెడినారనువాడు వారిని అసహ్యించుకొనుచున్నాడు, నిందించుచున్నాడు; ఆ చెడినవారి లెక్కలో తన్ను చేర్చుకొనక తన్ను తాను పొగడుకొనుచున్నాడు.

కల్యాణమున జరిగిన ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల చరిత్ర శరణులెల్లరు ఎరిగినదే. మారయ్య నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు ఆయన రోజూ తెచ్చుదానికంటె హెచ్చు బియ్యము తేగా, అది ఆశ యని చెప్పి, హెచ్చుగా తెచ్చినది మరల అచ్చటనే పోసి రమ్మని లక్కమ్మ పంపినది. ఈ కథను అందరును చెప్పుదురు. మరియొక సంగతిని మాత్రము తక్కువగా తలచుదురు. మారయ్య ఒకప్పుడు శరణుల గోష్ఠిలో లీనుడై కాయకమును మరచెను. కాయకము నిలిచిపోయినది, లేచి పొమ్మని లక్కమ్మ ఆయనను హెచ్చరించెను. ఆయన విడిచి రావలసినది వ్యర్థప్రసంగము కాదు, శివానుభవ గోష్ఠి. అంతటి పవిత్రమైన మాటకొరకైనను చేతి పని ఆగరాదని ఆ తల్లి నిర్ణయించినది. అట్లుండగా ధరవరల గూర్చియు, టీవీ వాదముల గూర్చియు ఒక పూటంతయు కూర్చుండి మాటలాడువానిని చూచి లక్కమ్మ ఏమనును? సమాధానము ప్రతి గృహస్థుడు తనకు తానే చెప్పుకొనదగును.

పూర్వకాలమే మేలనుమాట కృష్ణాతీరమున పలుకునపుడు కొంచెము ఆలోచించి పలుకవలెను. 1832-33లో వచ్చిన డొక్కల కరువు గుంటూరు సీమను శ్మశానప్రాయము చేసినది. ఆనాడు కృష్ణ ప్రవహించుచునే యున్నది గాని, చేలకు నీరు మళ్లించు ఆనకట్ట లేదు. విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తియగుటకు 1855 వరకు పట్టినది. నేటి ప్రకాశం బ్యారేజి 1957 నాటిది. ఇక 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడినపుడు వేలాది ప్రాణములు ఒక్క రాత్రిలో పోయినవి. రానున్న విపత్తు ఎంతటిదో తీరగ్రామములలో పెక్కుమందికి తెలియలేదు. తెలిసినను తలదాచుకొనుటకు పక్కా కట్టడములు లేవు. నేడు తుఫాను పుట్టిన నాటి నుండి దాని జాడ ప్రతి ఇంటికి చేరుచున్నది. వార్తలు ఎక్కువైనవని విసుగుకొనువారు, వార్త చేరనందున దివిసీమ చెల్లించిన వెలను స్మరింపవలెను. దోషము వార్తలో లేదు. వార్తను విన్న పిదప ఏమి చేయుచున్నామను దానిలో ఉన్నది.

దీనికి దృష్టాంతము కంకిపాటికి చేరువనే కలదు. 2024 ఆగస్టు చివరి దినములలో కురిసిన భారీవర్షములకు బుడమేరు గట్లు తెగి విజయవాడలోని సింగునగరు ప్రాంతమంతయు దినములతరబడి నీట నిలిచినది. అదే సమయమున ప్రకాశం బ్యారేజికి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినది. ఆ దినములలో మూడు విధముల మనుష్యులు కనబడిరి. కొందరు మిద్దెల మీద ఆకలితో నున్నవారికి అన్నపు పొట్లములును, త్రాగునీరును మోసిరి. కొందరు నిందించుచు కూర్చుండిరి. మరికొందరు విన్నది నిజమో కాదో చూడక, బుడమేరు మరల తెగినదని పుకారు పుట్టించి, అప్పుడప్పుడే ఇండ్లు చేరుచున్నవారిని మరల భయపెట్టిరి. అది అసత్యమని అధికారులు ప్రకటింపవలసివచ్చినది. మొదటివారిది దాసోహము. రెండవవారిది సణుగుడు. మూడవవారిది ఆ సణుగుడు ముదిరి కాళ్లు మొలిచిన రూపము. సణుగుటకు అలవాటుపడిన మనస్సు చెడువార్తకై ఎదురుచూచును. ఎదురుచూచు మనస్సు దానిని విన్నంతనే నమ్మును. నమ్మినంతనే పదిమందికి పంపును.

ఆ వరదలోనే కాయకమునకు కూడ దృష్టాంతము దొరకినది. కొట్టుకొనివచ్చిన పడవలు ఢీకొని ప్రకాశం బ్యారేజి గేట్ల బరువుదిమ్మెలు దెబ్బతిన్నవి. వానిని మార్చు పని డెబ్బది యేండ్లు దాటిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారి పర్యవేక్షణలో జరిగినది. అంతకు కొలది దినముల క్రితమే, ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయపు 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోగా, పారుచున్న నీటిలోనే అడ్డుపలకలు దింపించి నీటిని నిలిపినవారు వారే. బుడమేరు మూడు గండ్లను సైనికులును, జలవనరుల శాఖ సిబ్బందియు కలిసి సెప్టెంబరు 7 నాటికి పూడ్చిరి. గేటు ఎందుకు తెగినది, గట్టు ఎవరి అలక్ష్యమువలన తెగినదను ప్రశ్నలు అడుగవలసినవే. కాని తెగిన గట్టు ప్రశ్నలతో పూడలేదు. అంబిగర చౌడయ్య పడవ నడుపుటను కాయకముగా చేసికొన్న శరణుడు. ఏటి వేగమును తిట్టినందున పడవ ఒడ్డు చేరదని ఆయనకంటె బాగుగ నెరిగినవారెవరు?

అట్లయినచో అన్యాయమును చూచి నోరు మూసికొనవలెనా యని అడుగువారుందురు. అక్కరలేదు. పంచాచారములలో గణాచారము కలదు. ధర్మమునకు హాని జరుగునపుడు భక్తుడు ఊరకుండరాదని అది విధించుచున్నది. భృత్యాచారము కూడ కలదు. తాను అందరికి సేవకుడనను వినయమును అది విధించుచున్నది. ఈ రెండును కలిసినపుడు న్యాయమైన ఫిర్యాదు పుట్టును. మురుగుకాలువ పూడినదని పంచాయతి కార్యాలయమునకు పోయి అర్జీ యిచ్చి, పని జరుగువరకు తిరుగుట గణాచారము. తన ఇంటి చెత్తను ఆ కాలువలో వేయకుండుట భృత్యాచారము. అర్జీ ఇయ్యక, చెత్త మానక, ప్రభుత్వము నిద్రించుచున్నదని టీ దుకాణమున చెప్పుట ఏ ఆచారమునకు చెందును? బుడమేరు పొడవున ఆక్రమణలు చేసినవారు పరలోకము నుండి దిగివచ్చినవారు కారు. వరదనాడు ఇతరులతో కలిసి సణిగినవారిలో వారును ఉండియుందురు.

ఇంకొక మాట లింగధారులందరికి. ప్రాతఃకాలమున స్నానము చేసి, కరస్థలమున ఇష్టలింగమునుంచి దృష్టి నిలుపుట నిత్యవిధి. నేడు పెక్కు ఇండ్లలో కన్ను తెరవగనే ఆ అరచేతిలోనికి ముందు చేరునది ఫోను. అందు హత్యలు, తగాదాలు, దూషణలు వరుసగా కనబడును. ఆ పిదప లింగమును చూచు కన్ను ఆ మలినముతోనే చూచును. పూజ ముగియువరకు వార్త ముట్టకుండుటకు ధనము అక్కరలేదు, బలము అక్కరలేదు, నియమము చాలును. ఆ తరువాత వార్తను చూడవచ్చును, చూడవలెను కూడ. చూచిన దానిలో తన చేతికి అందు పని యున్నచో చేయవలెను. పొరుగింటి ముసలివానికి మందు తెచ్చుట, చదువుకు ఫీజు లేని బాలునికి తోడ్పడుట, ఎండలో పనిచేయు కూలికి చల్లని నీరిచ్చుట, ఇవన్నియు దాసోహమే. చేతికి అందనిదైనచో శివునికి నివేదించి, తన కాయకమునకు లేవవలెను. పెద్దలు ఇంటిలో సణుగుడు తగ్గించినచో పిల్లలకు వేరుగా ధర్మబోధ అక్కరలేదు. వారు చెవులతో కాక కన్నులతో నేర్చుకొందురు.

కంకిపాడు పేరులోనే కంకి యున్నది. గింజ పట్టిన కంకి బరువునకు వంగియుండును; తాలుకంకి నిటారుగ నిలిచి గాలికి చప్పుడు చేయును. కళ్లములో తూర్పారబట్టినపుడు ఏది నిలుచునో, ఏది ఎగిరిపోవునో రైతుకు తెలియును. భక్తుని దినము కూడ ప్రతి సాయంకాలము అట్లే తూర్పార పట్టబడును. ఆ పూట నిలిచినవి గింజలా, మాటలా యని ప్రతి శరణుడు పరికించుకొనుగాక. శివమస్తు.