గోడమీది బొగ్గు

మాక్లూరునుండి నిజామాబాదు దూరము కాదు. ఏటేట మా బడి పిల్లలను ఖిల్లా చూపుటకై తీసికొనిపోవుట మాకు పరిపాటి. క్రిందటి పర్యాయము రామాలయమును దర్శించి వెలుపలికి వచ్చుచుండగా ఒక బాలుడు "సారూ, దాశరథి వ్రాసిన గోడ యేది?" అని యడిగెను. ఆ యక్షరములను నాడే చెరిపివేసిరని చెప్పితిమి. "అట్లయిన మనము చూచుట కేమున్నది?" అనెను. పాఠములు చెప్పుటయే వృత్తిగా గల మాకు వెంటనే సమాధానము తోచలేదు.

ఈ దుర్గము రాష్ట్రకూటుల నాటిదని చెప్పుదురు. తరువాత చేతులు మారి, తుదకు నిజాము ప్రభుత్వమున కారాగార మయ్యెను. 1948 లో దాశరథి కృష్ణమాచార్యులును, వట్టికోట ఆళ్వారుస్వామియు నిందు బందీలు. దాశరథికి కాగితము లేదు, కలము లేదు. పండ్లు తోముకొనుట కిచ్చిన బొగ్గుతో నిజామును దూషించు పద్యమును గోడమీద వ్రాసెను. కావలివారు చెరిపిరి, ఆయన మరల వ్రాసెను. ఆళ్వారుస్వామి దానిని కంఠస్థము చేసెను. ఆ యేటి సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము కూలినది, పద్యము మిగిలినది.

కోటలను వస్తుప్రదర్శనశాలలుగా మార్చుట లోకమంతటను గలదు. మన చంద్రగిరి రాజమహలునందును పురావస్తుశాల యున్నది. అందలి శిల్పములను చూచి మేము సంతసించితిమి. ఆ మహలునకు రాళ్లు మోసినవారి జాడ మాత్రము మాకు కానరాలేదు. జపానులో ఓసాకా దుర్గపు ప్రధానభవనము 1665 లో పిడుగుపడి కాలిపోయెను. 1931 లో పౌరుల చందాలతో దానిని కాంక్రీటుతో మరల కట్టి ప్రదర్శనశాలగా చేసిరి. అదే చందాలో సగమునకు పైగా సేనాకార్యాలయ భవనమునకు వ్యయమైనది. ఆ సోపానముల నెక్కు యాత్రికులలో నీ సంగతి యెరిగినవా రెందరో!

మా మిత్రు డొకడు, ఆయనయు నుపాధ్యాయుడే, మాతో వాదించెను. "చెరసాల సిగ్గుచేటు. గోడలకు సున్నము వేసి పూలమొక్కలు నాటుడు. పసిపిల్లలకు సంకెళ్లు చూపనేల? బాధపడినవారి బాధను టిక్కెట్టు పెట్టి చూపుట వారికి గౌరవమా?" ఈ కడపటి మాట త్రోసివేయదగినది కాదు. దుఃఖము వేడుక యగుట మేమును సహింపము. అయినను కావలివాడు తుడిచిన గోడను మనము సున్నముతో మరల తుడిచినచో, ఉద్దేశములు వేరైనను ఫలమొక్కటియే గదా? వాడు భయముచే తుడిచెను, మనము మర్యాదచే తుడుచుచున్నాము.

మా ప్రాంతపు పసుపును ఉడికించి, ఎండబెట్టి, డ్రమ్ములో త్రిప్పినగాని మార్కెట్టులో మంచి ధర పలుకదు. త్రిప్పగా మన్నుతోపాటు పైతోలును పోయి కొమ్ము నిగనిగలాడును. కొనువానికి కావలసిన దదియే. పొలమునకు కొనువాడు రాడు.

అయినచో ఆ పద్యమును రంగులతో గోడపై మరల వ్రాయింపవచ్చునా? కొందరు పిల్లలు ఉత్సాహముతో నట్లే కోరిరి. మేము వల దంటిమి. ఆ కొత్త యక్షరములు ఓసాకా కాంక్రీటువంటివి. చూచువాడు ఎవరును వీనిని చెరుపలేదనియే తలచును. చెరుపుటయు చరిత్రలోని భాగమే. ఆ బొగ్గక్షరములను కాపాడినది గోడ కాదు, ప్రక్కనున్న మరియొక బందీ కంఠము.

ఈ యేడు ఖిల్లాకు పోవుటకు నెలదినముల ముందే పద్యమును పిల్లలచే వల్లె వేయించితిమి. అక్కడ గోడ యెదుట నిలుచుండి క్రిందటేడు ప్రశ్న యడిగిన బాలుడే మొదలుపెట్టెను. సగములో తడబడి యాగెను. వెనుకవరుసలోనుండి మరియొకడు మిగిలినది అందించెను.