పచ్చని చేలకు కౌలు

1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచిన పిమ్మట ఎగువను ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు నిర్మితములయ్యెను. ఆ నీరు చెడకుండుటకై 1996 నాటి 111వ ఉత్తరువు, చుట్టును 10 కిలోమీటర్లలోని 84 గ్రామములందు కాలుష్యకరములగు పరిశ్రమలను, నివాసకాలనీలను నిషేధించెను. నగరమునకును పల్లెలకును నడుమ పచ్చని చేలు మిగిలినవి. మిగులవలెననియే మా కోరిక. కాని నీరు త్రాగినవారము మేము. పొలమునకు వెల రాక, బిడ్డ పెండ్లికి అప్పుచేసినవాడు రైతు. ఎల్ల కవతల ఎకరము కోట్లు పలుకుచుండగా, అతనికి ప్రకృతిరక్షణము బోధించుట మావంటి ఉపాధ్యాయులకు కడు సులభము! 2022లో ప్రభుత్వము నిర్బంధమును సడలింపగా నగరమున పలువురు వగచిరి, పల్లెలలో పెక్కురు సంతసించిరి. ఆ సంతసమును లోభమనుటకు మాకు నోరాడలేదు. నీటికి పన్ను కట్టితిమి. ఆ పచ్చదనమునకు కౌలు చెల్లింపవలెనని మాకెన్నడును తోచలేదు.