ఎవరి ముఖం చూపాలి?

‘రాముడికి ఎన్టీఆర్ ఉన్నాడు, ఏసుకు విజయచందర్ ఉన్నాడు. మీ ప్రవక్తకు ఎవరూ లేరేం?’ అని ముస్లిమేతర మిత్రులు అడుగుతుంటారు. చాలాసార్లు అందులో ఎగతాళి ఉండదు, తెలియకే అడుగుతారు. మనలో చాలామంది ‘హరామ్’ అన్న ఒక్క మాటతో సంభాషణ ముగించేస్తారు. ఎందుకు హరామ్, ఎవరికి హరామ్, ఎవరన్నారు అనే చర్చ మనలో మనకే సరిగా జరగలేదు.

బొమ్మ గీయొద్దని సూటిగా చెప్పే ఆయత్ ఖురాన్‌లో లేదు. విగ్రహారాధనను ఖండించే ఆయత్‌లున్నాయి. సులైమాన్ నబీ కోసం జిన్‌లు ప్రతిమలు చేశారన్న ప్రస్తావనా ఉంది. బొమ్మలు చేసేవాళ్లను గట్టిగా హెచ్చరించినవి హదీసులు. బుఖారీ సంకలనంలో నూహ్ నబీ జాతి గురించి ఒక కథనం ఉంది. ఆ జాతిలో కొందరు సజ్జనులు చనిపోతే జ్ఞాపకంగా వాళ్ల పేర్లతో ప్రతిమలు నిలబెట్టారు. నిలబెట్టినవాళ్లు మొక్కలేదు. వాళ్లు పోయి, అసలు సంగతి మరుగున పడ్డాక వచ్చినవాళ్లు మొక్కారు. ఉలేమాల భయమంతా ఇదే.

తెలుగువాళ్లకు ఈ భయం అర్థంకానిదేం కాదు. 1957లో ‘మాయాబజార్’ వచ్చాక కృష్ణుడంటే ఎన్టీఆరే. క్యాలెండర్లలో ఆ ముఖమే. ఆ ముఖం మీది గౌరవం సినిమా హాలు దాటి ఎంతదూరం వెళ్లిందో 1983 ఎన్నికలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇది తప్పని అనడం లేదు. అక్కడ రూపం ఉంది, దర్శనం ఉంది. ఇస్లాంలో ప్రవక్త (స) దేవుడు కాదు, సందేశం తెచ్చిన మనిషి. ఆయన వఫాత్ అయిన రోజున హజ్రత్ అబూబకర్ జనానికి గుర్తుచేసిందీ ఇదే: ముహమ్మద్ మరణించారు, ఆరాధించాల్సింది మరణం లేని అల్లాహ్‌ను. ముఖం చూపకపోవడం వెనకున్న ఆలోచన ఇది. దీన్ని వెనుకబాటుతనం అనడం తొందరపాటు.

అయితే ముస్లింలు ప్రవక్తను ఏనాడూ చిత్రించలేదన్నదీ నిజం కాదు. తిర్మిజీ ‘షమాయిల్’లో ఆయన రూపం మాటల్లో ఉంది. ఆ మాటలనే 17వ శతాబ్దంలో హాఫిజ్ ఉస్మాన్ అందమైన కాలిగ్రఫీగా మలిచాడు. తుర్కీ ఇళ్లల్లో చిత్రపటం స్థానంలో ఆ ‘హిల్యె’ వేలాడేది. పారశీక చిత్రకారులు కొన్నిచోట్ల ముఖం గీశారు, కొన్నిచోట్ల పరదా వేశారు. ఇరాన్ తాజియా నాటకాల్లో కర్బలా వీరుల పాత్రల్ని మనుషులే ధరిస్తారు. అందరూ ముస్లింలే. ఆచారాలు మాత్రం వేరువేరు.

సినిమా వచ్చాక గొడవ ముదిరింది. 1926లో ఈజిప్టు నటుడు యూసుఫ్ వహబీ ప్రవక్త పాత్రకు ఒప్పుకుంటే అల్ అజ్‌హర్ అడ్డుకుంది. ప్రవక్తలనూ, ఆయన కుటుంబాన్నీ, స్వర్గం ఖాయమన్న శుభవార్త పొందిన పదిమంది సహాబాలనూ నటులు ధరించరాదన్నది ఆ సంస్థ వైఖరి. 1976లో ముస్తఫా అక్కాద్ ‘ది మెసేజ్’ తీశాడు. అందులో ప్రవక్త కనపడరు, ఆయన గొంతు వినపడదు. ఎదుటి పాత్రలు కెమెరా వైపు చూసి మాట్లాడతాయి. అయినా 1977 మార్చిలో వాషింగ్టన్‌లో సాయుధులు మూడు భవనాల్లో దాదాపు 150 మందిని బందీలుగా పట్టుకున్నారు. వాళ్ల డిమాండ్లలో ఈ సినిమా ఆపాలన్నది ఒకటి. ఆ ఘటనలో ఒక యువ రేడియో విలేఖరి ప్రాణం పోయింది. సినిమాలో లేని ముఖం కోసం, ఆ సినిమాతో సంబంధమే లేని మనిషి చచ్చిపోయాడు.

2012లో ‘ఉమర్’ టీవీ సీరియల్‌లో రెండో ఖలీఫా పాత్రను నటుడే ధరించాడు. అల్ అజ్‌హర్ వద్దంది. యూసుఫ్ అల్ ఖరదావీ లాంటి పండితులు ఆ కథను పరిశీలించి సమ్మతించారు. 2015లో ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ ప్రవక్త బాల్యం మీద సినిమా తీస్తే ముంబైలోని రజా అకాడమీ ఫత్వా తెచ్చింది. సంగీతం ఇచ్చిన ఏ.ఆర్. రెహ్మాన్‌నూ వదల్లేదు. ఆ సినిమాలోనూ ముఖం చూపలేదు. కాబట్టి ‘ఇస్లాం ఏమంటుంది’ అనే ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఒక్కటే ఉందనేవాడు మతం మీద గుత్తాధిపత్యం అడుగుతున్నాడని అర్థం.

ఇంకో సంగతి చూద్దాం. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’లో విజయచందర్ ధరించిన ఏసు మనకూ నబీయే, ఈసా అలైహిస్సలామ్. మన నియమం ప్రకారం ఆ పాత్రా నిషిద్ధమే. క్రైస్తవులకు అది భక్తి. మన నియమం వాళ్లకు చెల్లదని ఒప్పుకుంటాం కదా! అంటే నియమం నమ్మినవాడిని కట్టేస్తుంది గానీ పక్కవాడిని కాదు. ఈ న్యాయం మన ఇంట్లో వేరేలా నమ్మే ముస్లింకూ వర్తించాలి. నేను చూడను, నేను తీయను అనడం తఖ్వా. నువ్వు తీస్తే చంపుతాననడం జులుం. ప్రవక్తను అవమానించాలనే తీసే సినిమాల సంగతి వేరు. వాటి మీద నిరసన మన హక్కే. ఆ నిరసనకు మాట ఉంది, కలం ఉంది, కోర్టు ఉంది.

మన తెలంగాణ పల్లెల్లో పీర్లపండగ చూడండి. హసన్, హుసేన్ పేర్లతో పీర్లు లేస్తాయి. ముఖాలుండవు, నటులుండరు. అలావా చుట్టూ మాదిగ, గొల్ల, సాయిబు ఒక్కటై ఆడతారు. కర్బలా కథ తెలుగు పాటై నడుస్తుంది. దీన్నీ బిద్‌అత్ అని ఆపేద్దామంటున్న మౌల్వీలు ఉన్నారు. ముఖం లేకుండా చెప్పినా తప్పేనంటే ఇక మన పిల్లలకు ఈ కథ ఎలా చేరాలి?

అసలు బాధ మరొకటుంది. మన సినిమాల్లో ముస్లిం ఎలా కనపడతాడు? వచ్చీరాని తెలుగులో ‘నీకీ నాకీ’ అని నవ్వించే సాయిబు, లేదంటే బాంబు పట్టుకున్న టెర్రరిస్టు. మా మెకానిక్కులూ, దూదేకులోళ్లూ, గాజులమ్మే అమ్మలూ, తెలుగు పాఠాలు చెప్పే టీచర్లూ వెతికితే తప్ప దొరకరు. చూపకూడని ముఖం గురించి వీధికెక్కే మన పెద్దలు, చూపాల్సిన ఈ ముఖాల గురించి ఒక్క కరపత్రమైనా వేయరేం? ప్రవక్త గౌరవానికి మన కాపలా అక్కర్లేదు, పద్నాలుగు వందల ఏళ్లుగా అది నిలిచే ఉంది. తన ముఖాన్ని తెరమీద చూసుకుని తలదించుకుంటున్న మామూలు ముస్లింకే ఇవాళ మన అవసరం ఉంది.