గండికోట గోడలో ఎవరున్నారు?

ఎనిమిదేళ్ళు సభల్లో నేనొక మాట చెప్పుకుంటా తిరిగినాను. గండికోట గోడ నిలబడకపోతే మా మాదిగ మనిషిని బతికుండగానే పునాదిలో పెట్టి కట్టినారని, ఆ గోడ మా నెత్తురు మీద నిలబడిందని. కారంచేడు తర్వాత, 1986 నుంచి, కడప జిల్లాలో యే ఊరికి పిలిచినా ఈ మాట లేకుండా నా ఉపన్యాసం ముగిసేది కాదు. చెప్పిన ప్రతిసారీ చప్పట్లు. కొందరి కళ్ళల్లో నీళ్ళు. డప్పు పిల్లోళ్ళు ఒక దరువు ఎక్కువేసేవాళ్ళు.

ఆ మాట నాకు జేజి చెప్పింది. జేజికి వాళ్ళ జేజి చెప్పింటాది. యే మనిషి, యే గోడ, యే రాజు కాలం అని అడిగితే మాత్రం జేజి దగ్గర జవాబు ల్యా. "కోటలు ఊరికే నిలబడతాయేరా?" అనేది. కోటలకూ చెరువుకట్టలకూ మాల మాదిగల్ని బలిచ్చినారనే కథలు మా జేజి దగ్గరే కాదు, దక్కన్ అంతటా ఉండాయి.

1994లో నాయన్ను కోటకు పిల్చకపోయినాను. నాయన జమ్మలమడుగు పక్క నాపరాయి గనుల్లో ముప్పై యేళ్ళు సమ్మెట పట్టినోడు. అంత దగ్గర్లో పుట్టి కూడా కోట చూసింది లేదు. పని లేకుండా రాళ్ళు చూసేదానికి పోవడం మా ఇండ్లల్లో ఎవరికీ అలవాటు లేదు.

గండికోటకు వచ్చినోళ్ళు ముందు గండి చూసేదానికి పరిగెత్తుతారు. ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసుకుని పోయిన లోయ అది. ఇప్పుడైతే దాన్ని అమెరికా గ్రాండ్ కేనియన్‌తో పోల్చి ఫోటోలు తీసుకుంటాండారు. (మన గండికి మన పేరు చాలదు కాబోలు.) నాయన గండి దిక్కు పోలేదు. గోడ దగ్గరే నిలబడిపోయినాడు. ఎర్ర రాయి మీద బొటనవేలు ఆనించి, రెండు రాళ్ళు కలిసే చోట పైనుంచి కిందికి దువ్వుకుంటా వచ్చినాడు.

"ఇది మన నాపరాయి మాదిరి పొరలు పొరలుగా లేసే రాయి కాదురా. ఊరికే ఉలికి లొంగదు. దీన్ని ఇట్ల చదరం చేసి కూర్చినాడంటే వాడు పనోడు."

కొంచెం సేపుండి, "కూలి ఎంతిచ్చిండారో?" అన్నాడు.

నాకు చిరాకేసింది. బలి కథ ఎత్తుకున్నాను. నాయనకు కోపం రావాల, కనీసం గోడ మీది చెయ్యన్నా తియ్యాల. తియ్యలేదు.

"నువ్వు చూసినావా?"

"జేజి చెప్పింది."

"మా యమ్మ చానా చెప్పేది. సరే, ఒగణ్ణి గోడలో పెట్టినారే అనుకో. తక్కిన గోడంతా ఎవురు కట్టినారు? వాళ్ళ సంగతి చెప్పవేంరా?"

ఆ రోజు నాయనతో గట్టిగానే వాదించినాను. రాయి వాళ్ళది, ఉలి పట్టించినోళ్ళు వాళ్ళు, శాసనం రాయించినోళ్ళు వాళ్ళు. మనల్ని అక్షరానికి దూరం పెట్టి, ఇప్పుడు మీ దగ్గర ఆధారముందా అని అడగడం రెండో అన్యాయం కాదా? ఈ వాదన తప్పని నేను ఈ రోజుకూ అనుకోను. జేజి మాట అబద్ధమనీ అనను. కానీ జేజి "అంటారు" అని చెప్పిన మాటను నేను "జరిగింది" అని చెప్పినాను. జేజికీ నాకూ మధ్య ఆ ఒక్క మాట మారింది. ఎందుకు మార్చినానంటే చప్పట్ల కోసం. ఇంకో సంగతి ఒప్పుకోడానికి చానా యేళ్ళు పట్టింది. నాకు ఆ మనిషి చచ్చి ఉండటమే అవసరమైంది. చచ్చినోడు కూలి అడగడు. రాయి చెక్కినోడు అడుగుతాడు, నాయన అడిగినట్టు.

అయితే ఆధారం ఉన్నంతమేరే మాట్లాడదామంటే మనకు మిగిలేదెంత? మా సీమ శాసనాల్లో రాజులు, దానాలిచ్చినోళ్ళు, దానాలు పట్టినోళ్ళే నిండి ఉంటారు. చేతిపని చేసినోళ్ళలో ఒక కొండోజు కనపడతాడు. సదాశివరాయల కాలంలో అళియ రామరాయల్ని మెప్పించిన మంగలి. ఆయన వల్ల మంగలోళ్ళ మీది పన్నులు తీసేసినారని శాసనాలున్నాయి. రాజు చెంప ముట్టుకునే పని కాబట్టి ఆ పేరు రాయికెక్కింది. మనం ముట్టుకునే పని లేదు కదా.

శాసనం లేని చోట లెక్క కట్టొచ్చు. పెమ్మసాని నాయకుల చేతిలోంచి 1650 ప్రాంతంలో మీర్ జుమ్లా గండికోట పట్టుకున్నాడు. 1652లో వజ్రాల వ్యాపారి టావెర్నియే ఫ్రాన్సు దేశం నుంచి వచ్చి ఆయన్ను ఇక్కడే కలిసినాడు. గుళ్ళల్లోని రాగి విగ్రహాలు కరిగించి ఫిరంగులు పోయించే ప్రయత్నం గురించి రాసినాడు. కరిగించేదానికి కొలిమి కావాల. కొలిమికి తిత్తి కావాల. తిత్తికి తోలు కావాల. ఆ తోలు చచ్చిన గొడ్డు మీదనుంచి ఎవురు వొలిచినారు, ఎవురు ఊనినారు? టావెర్నియే రాయలేదు. ఇది నేను కట్టిన లెక్క. లెక్క అనే చెప్తాను, చూసినట్టు చెప్పను.

ఇదంతా పాత సంగతి అని ఎవరన్నా అంటే, 2020 ఎంత దూరం? గండికోట జలాశయంలో నీళ్ళు పెంచితే తాళ్ళప్రొద్దుటూరు మునిగిపోయింది. కోటకు కేంద్ర పురావస్తు శాఖ కాపలా ఉంది. మునిగిన ఊర్లలో మాల మాదిగ గేర్లు యాడుండేవి, బావి యాడుండేది, ఎవరి ఇంటి ముందర రచ్చబండ ఉండేది? చూసినోళ్ళు బతికుండగానే మనం రాసిపెట్టుకోకపోతే, మన మనవలు గూడా జేజి మాదిరే "అంటారు" అనే చెప్పుకోవాల.

తొంభైల్లోనే అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' నా చేతికొచ్చింది. 1934లో ఆయన, తోడు వచ్చినవాళ్ళు దౌలతాబాదు కోట చూడబోయినారు. దుమ్ము కొట్టుకుపోయి ఉన్నారు. కోట వాకిట్లో ఉన్న చిన్న చెరువులో మొగాలు, కాళ్ళు కడుక్కున్నారు. అంతే. చెరువు మైలపడిందని ఒక ముసలి ముసల్మాను కేకలేసుకుంటా వచ్చినాడు, జనం మూగినారు. చివరికి కోటలో యాడా నీళ్ళు ముట్టకూడదని షరతు పెట్టి, ఆయుధం పట్టిన కాపలావాణ్ణి తోడిచ్చి లోపలికి పంపినారు. అంత చదువుకున్న మనిషి, దేశమంతా తెలిసిన నాయకుడు. ఒక్క మాట పెంచలేదు. జరిగింది జరిగినట్టు రాసినాడు. చదివి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారణం దౌలతాబాదు కాదు.

1981లో నేను తొమ్మిదో తరగతి. బడి పిల్లోళ్ళను గండికోటకు తీసుకపోయినారు. ధాన్యాగారం నీడలో సద్దులు విప్పినాం. నీళ్ళ బిందె దగ్గర గలాసులుండాయి. మా గేరి పిల్లోళ్ళం ముగ్గురం. ఒకడు పైనుంచి పోస్తే మేం దోసిట్లో పట్టుకుని తాగాల. సగం నీళ్ళు మోచేతి మీదుగా కారి పోతాండె. దప్పి తీరక నేను రాయలచెరువు దిక్కు పోయి గట్టు దిగినాను. ఒక అయివారు కేకేసినాడు, "యేయ్, నీళ్ళల్లో కాలు పెట్టొద్దు" అని. అప్పటికే చెరువులో నాలుగు బర్రెలు పడుకోనుండాయి. నేను గట్టెక్కి వచ్చేసినాను.

ఎనిమిదేళ్ళు సభల్లో గోడలో మనిషి గురించి చెప్పినాను గానీ, ఈ సంగతి యే సభలోనూ చెప్పలేదు. సిగ్గు. నాయనకూ చెప్పలేదు.

1994లో ఆ పొద్దు నాయనా నేనూ అదే చెరువుగట్టు మీద కూర్చుని సద్ది మూట విప్పినాం. కొర్రన్నం, ఊరిబిండి. తిన్నాక నాయన నీళ్ళల్లోకి దిగి, చేతులు కడుక్కుని, మొగం కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుంటా, "రారా, కడుక్కో" అన్నాడు.

నేను చేతులు పంచెకు తుడుచుకున్నాను.