బొంత కుట్టుట వ్యర్థమా?



పదునెనిమిది సంవత్సరముల క్రిందట, మిరపకోతల కాలమున, మా సంఘములోని ఒక సహోదరి యింటికి వెళ్లి కఠినముగా మాటలాడితిని. రెండు బుధవారములు ఆమె స్త్రీల ప్రార్థనకు రాలేదు. నేను వెళ్లునప్పటికి బల్బు క్రింద కూర్చుండి, పాత చీరెల ముక్కలతో బొంత కుట్టుచుండెను. “అమ్మా, దీనికి దొరికిన తీరిక దేవుని సన్నిధికి దొరకలేదా?” అంటిని. ఆమె సూది గుచ్చి ప్రక్కన పెట్టి, “తప్పేనయ్యగారూ” అని లేచి నిలువబడెను. పగలంతయు మిరపకాయలు కోసివచ్చిన చేతులవి. మంట చల్లారుటకు ఆముదము రాచుకొనియుండెను గనుక బొంతమీద అక్కడక్కడ జిడ్డు మరకలుండెను. అవి నేను చూచితిని గాని గ్రహింపలేదు.

ఆనాటి ప్రశ్ననే ఇప్పుడు మీ యెదుట పెట్టుచున్నాను. కూలికి పోవు యింట, అప్పులున్న యింట, అందమునకు చోటున్నదా? చలికి కప్పుకొనుటకు ఏ గుడ్డయైనను చాలును గదా! నీలిముక్క ప్రక్కన ఎర్రముక్కయే రావలెనని మూటలన్నియు విప్పి వెదకుట, దేవుడిచ్చిన కాలమును పాడుచేసికొనుట కాదా? వేదాంత కళాశాలలో చదివి వచ్చిన నాకు ఆనాడు జవాబు సులభముగానే తోచెను. నేడు అట్లు తోచుటలేదు.

ఆమెను గద్దించిననాడు నేను మా తల్లిని మరచితిని. 1987వ సంవత్సరమున మా ప్రత్తిచేనును తెల్లదోమ పట్టెను. ఎన్ని మందులు కొట్టినను అది చావలేదు. ఆకులు జిగటపడి నల్లబారెను, కాయ నిలువలేదు. ఆ యేడు గుంటూరు, ప్రకాశము మెట్టలలో ప్రత్తి పోగొట్టుకొని, చేనుకు తెచ్చిన పురుగుమందునే త్రాగి చనిపోయిన రైతులున్నారని మీలో పెద్దవారు ఎరుగుదురు. మా నాయన నులకమంచముమీద గోడవైపు తిరిగి పండుకొనెడివాడు. అన్నము పెట్టినను పలికెడివాడు కాడు. మందుడబ్బాలు కొట్టములో నుండెను. వాటిని మా అమ్మ ఎప్పుడు ఎక్కడ పూడ్చినదో మాకు తెలియదు.

క్రిస్మసు ఇంక పది దినములున్నదనగా ఆమె సున్నము తెచ్చి, కుండలో నానబెట్టి, నీలిమందు కలిపి గోడలకు పూయ మొదలుపెట్టెను. అడుగున ఎర్రమట్టితో పట్టీ దిద్దెను. నాయన తల త్రిప్పి, “ఇంట్లో గింజ లేదు, గోడకు సున్నమెందుకే?” అనెను. “పండగ మనల్ని అడిగి వస్తదా?” అని ఆమె పని మానలేదు. తరువాత వెదురుపుల్లలతో నక్షత్రము కట్టవలెనని నన్ను కూర్చుండబెట్టెను. ఇద్దరికిని చేతకాలేదు. ఒక కొమ్ము పొడవు, ఒకటి పొట్టి. చాలసేపు చూచి నాయన మంచము దిగి, “ఇటు తేరా, బద్ద అట్లా చీల్చకూడదు” అని కత్తి తీసికొనెను. ఆ రాత్రి మాతో కూర్చుండి అన్నము తినెను.

ఆ సున్నమే మా నాయనను బ్రతికించెనని నేను చెప్పను. అట్లు చెప్పుట, చనిపోయినవారి భార్యలమీద నింద మోపుటయగును. వారిలో అనేకులు మా తల్లికంటె ఎక్కువ భక్తిగలవారు. నేను చూచినది మాత్రమే చెప్పుచున్నాను.

మన ప్రాంతమున సువార్త వచ్చిన విధమును జ్ఞాపకము చేసికొనుడి. 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్క దినముననే బాప్తిస్మము పొందిరని మనము గొప్పగా చెప్పుకొందుము. దానికి పండ్రెండేండ్ల ముందే, 1866లో, యెర్రగుంట్ల పేరయ్య విశ్వసించెను. ఆయన తోళ్ల వ్యాపారము చేసినవాడు. ఆయనయు, ఆయనవంటివారును బంధువుల యిండ్ల వెంబడి, చుట్టరికముల త్రోవను ఆ మాట మోసికొనిపోయిరి. ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారి భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌగారు 1899లో మాదిగ విశ్వాసుల కథలను ఇంగ్లీషులో గ్రంథముగా ప్రకటించి, దానికి “చెప్పులు కుట్టుచుండగా” అను అర్థమిచ్చు పేరు పెట్టెను. ఆ పేరు నాకు మిక్కిలి యిష్టము. కుట్టుపని మానినపుడు కాదు, కుట్టుచుండగనే. తోలు, ఆరె, దారము చేతిలో నుండగనే దేవుని సంగతి నడిచెను.

నిర్గమకాండములో దేవుని ఆత్మతో నింపబడిన బెసలేలు బోధకుడు కాడు, చేతిపనివాడు. బంగారమును, రాళ్లను, కొయ్యను చెక్కువాడు. ఆ గ్రంథముననే 35వ అధ్యాయములో తమ చేతులతో నూలు వడికిన స్త్రీలును కనబడుదురు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు పేతురుకు ఏమి చూపిరి? ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను. ఆమె ఎన్ని కూటములకు వచ్చెనో లూకా వ్రాయలేదు. (కూటము మానుటను నేను సమర్థింపను, మా సంఘ స్త్రీలు ఇది చదివి నా మీదికి రాకుందురు గాక!)

అయితే ఒక అభ్యంతరమున్నది. అది చిన్నది కాదు. బేతనియలో అత్తరు పోసిన స్త్రీని ప్రభువు మెచ్చెను గదాయని చెప్పి, ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి పెండ్లికి షామియానాలు, దీపాల తోరణములు కట్టువారున్నారు. అది అందము కాదు, పొరుగువాని కంటికి భయపడుట. ఆమె తనకున్నదానిని ఇచ్చెను, అప్పు తెచ్చి పోయలేదు. మా యింటి నక్షత్రమునకు అయినది నాలుగు వెదురుబద్దలు, కాసిన్ని రంగుకాగితములు.

మరియొక మాట పురుషులతో చెప్పవలెను. కళ్లములో తాలుకాయలు ఏరి, నడుము విరిగి ఇంటికి వచ్చిన స్త్రీతో, “ఇల్లు అందముగా ఉంచుము, అదియు ఆరాధనయే” అని మనము చెప్పిన యెడల, ఆమె నెత్తిన ఇంకొక మూట పెట్టినవారమగుదుము. అది ఆజ్ఞగా చెప్పతగినది కాదు. ఆమె తనంతట తాను సూది పట్టినప్పుడు, లేచి పొయ్యి రాజేయుట మనకు తగును. మా నాయన కత్తి తీసికొన్నట్లు.

ఆ సహోదరి బొంత ఎందుకు కుట్టినదో తరువాత తెలిసెను. పెద్దకుమార్తె తొలికాన్పుకు పుట్టింటికి రావలసియుండెను. కొనుటకు డబ్బులేదు. ఆ బిడ్డ ఆ బొంతమీదనే పెరిగెను.

గత సంవత్సరము వారి యింటికి వెళ్లి, ఆనాటి మాటకు క్షమించుమని అడిగితిని. ఆమెకు జ్ఞాపకమున్నది. లేదని చెప్పి నన్ను తేలికగా విడిచిపెట్టలేదు. కొంతసేపటికి, “అయ్యగారూ, వచ్చే బుధవారం ప్రార్థన మా యింట్లో పెట్టండి. ఈ గుడ్డలన్నీ తీసి మూట కడతాలే” అనెను. రెండవ మనుమరాలికి ఇంకొకటి కుట్టుచుండెను, పసుపుముక్క సరిపోక సగములో ఆగినది. తీయవద్దంటిని. బుధవారమునాడు మా యింటనుండి నా భార్య పాత పసుపుచీరె ఒకటి పట్టుకొని వెళ్లెను.