నిశ్చల వస్తు ఛాయాచిత్రం: స్వభావోక్తి, నైతికత

ఇంటి వస్తువును ఛాయాచిత్రంగా తీసేవారు ముందుగా దానిని తుడిచి, చుట్టూ ఉన్నవాటిని తొలగించి, వెలుతురు పడే చోట ఒంటరిగా నిలుపుతారు. ఇవి సౌందర్య నిర్ణయాలుగానే పరిగణన పొందుతున్నాయి. అయితే వాటితో పాటు, వస్తువును వాడిన మనిషి శ్రమ కూడా చిత్రం నుంచి తొలగిపోతే అది నైతిక సమస్య అవుతుంది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ఇళ్ళలో ఊరుబిండి నూరే రోలు ఇందుకు తగిన ఉదాహరణ. దానిని తొలచినవాడు రాతి పనివాడు. గుంతకు ఆ నున్నదనం తెచ్చినది మాత్రం ఏళ్ళ తరబడి సాగిన వంటింటి పని. ఆ పని ప్రధానంగా స్త్రీలది. మిక్సీ వచ్చాక రోలు పెరటికి చేరింది. ఛాయాచిత్రంలో మాత్రం సంప్రదాయ చిహ్నంగా గౌరవం పొందుతున్నది. శ్రమ ఆగిన తరువాతనే వస్తువులో అందం కనిపించడం గమనార్హం.

ఛాయాచిత్రకళ తొలినాళ్ళలోనే ఈ సమస్యకు బీజం ఉంది. హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1844లో ప్రచురణ ప్రారంభించిన ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’లో అరలలో అమర్చిన పింగాణీ పాత్రల చిత్రం ఒకటి. అవి దొంగల పాలైతే ఆ చిత్రం న్యాయస్థానంలో సాక్ష్యం కాగలదని ఆయన సూచించాడు. యజమాని హక్కుకు చిత్రం సాక్షి అయింది. పాత్రలను కడిగి సర్దిన చేతులకు అందులో చోటు లేదు.

దండి స్వభావోక్తిని నానా అవస్థలలోని పదార్థాల రూపాన్ని సాక్షాత్తుగా వెల్లడించేదిగా నిర్వచించాడు. కుంతకుడు దానిని అలంకారంగా అంగీకరించక, స్వభావం అలంకార్యమేనన్నాడు. ఈ భేదం ఎలా ఉన్నా, ప్రస్తుత చర్చకు ‘అవస్థ’ అన్న భావన కీలకం. రోలుకు అరుగుదలే అవస్థ. దానిని మరుగుపరచిన చిత్రం రూపాన్ని చూపుతుంది గాని స్వభావాన్ని చెప్పదు.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో తీసిన ‘పెప్పర్ నం. 30’లో బుంగమిరపకాయ వంటకు దూరమైనందువల్లనే దాని ఆకృతి కంటికి ఆనుతుంది. ఈ వాదం బలమైనదే. కాని కాయకు ఆకృతి ప్రకృతి ఇచ్చినది. రోలు గుంతకు మనుషుల చేతులు ఇచ్చినది. రెండవదాని నుంచి శ్రమను విడదీస్తే ఆకృతికి కారణమే లోపిస్తుంది.

అరుగుదలను కీర్తించడంలోనూ ప్రమాదం లేకపోలేదు. రోలు మూలబడడం ఎందరో స్త్రీలకు ఊరట. వారి కష్టాన్ని అందంగా మార్చి చూపడం మరో అన్యాయం. కనుక వస్తు సంస్కృతిని నమోదు చేసే పరిశోధకునికి చిత్రం ఒక్కటే చాలదు. ఆ వస్తువుతో ఎవరు, ఏ పని, ఎంతకాలం చేశారో, ఎందుకు మానుకున్నారో వారి సమ్మతితో, వారి మాటల్లోనే చిత్రం పక్కన నమోదు చేయడం అతని బాధ్యతలో భాగం.