పెదతండ్రి వ్రాసియిచ్చిన పత్రము



తన దినములలో నెమ్మది కలుగుటకై ఒకడు తన తరువాతివారి సొత్తును వ్రాసియియ్యవచ్చునా? ఈ ప్రశ్నకు ఆర్మేనియా దేశచరిత్రలో దుఃఖకరమైన సాక్ష్యమొకటి కలదు.

ఆర్మేనియా బహు పురాతనమైన క్రైస్తవ దేశము. అందలి బగ్రతుని వంశపు రాజులకు ఆనీ పట్టణము రాజధాని. 1001లో అచ్చట కట్టి ముగించిన ప్రధాన దేవాలయపు గోడలు నేటికిని నిలిచియున్నవి.

ఆ పట్టణమును యోహాను సెంబాతు అను రాజు ఏలుచుండెను. అతడు గ్రీకు చక్రవర్తియైన రెండవ బాసిల్ శత్రువుల పక్షము వహించి, పిమ్మట చక్రవర్తి కోపమునకు మిగుల భయపడెను. కావున 1022 ప్రాంతమున, తన మరణానంతరము ఆనీ చక్రవర్తికి చెందునట్లు పత్రము వ్రాసి, ప్రధాన సంఘాధ్యక్షుడైన పేతురు చేత పంపెను. తాను బ్రతికినన్నాళ్లు సింహాసనము తనదే. వెల చెల్లించువాడు వేరొకడు.

సెంబాతు మరణించిన పిమ్మట గ్రీకులు పత్రము చూపి పట్టణము నడిగిరి. వాహ్రామను సేనాపతి ఎదిరించి నిలిచి, 1042లో సెంబాతు తమ్ముని కుమారుడైన గాగిక్ అను యౌవనస్థునికి పట్టము కట్టించెను. తొమ్మిదవ కాన్‌స్టంటైన్ చక్రవర్తి గాగిక్‌ను కాన్‌స్టాంటినోపుల్‌కు పిలిపించి, ఆనీని ఇమ్మని నిర్బంధించెను. గాగిక్ ఒప్పుకొనలేదు. అయితే పట్టణములోని పెద్దలే తాళపుచెవులు పంపివేయగా, వాటిని అతని యెదుట పెట్టిరని వ్రాయబడియున్నది. 1045లో ఆనీ గ్రీకుల వశమాయెను. పూర్వము పత్రము మోసిన పేతురే అప్పుడు పట్టణమును అప్పగించినవారిలో ముఖ్యుడు. గాగిక్‌కు కప్పదొకియలో కొన్ని భూములిచ్చిరి. పితరుల రాజ్యము మరల దొరకలేదు. పందొమ్మిదేండ్లకే, 1064లో, సెల్జూకు తురుష్కులు ఆనీని పట్టుకొనిరి. గ్రీకులకును అది దక్కలేదు.

సెంబాతు చిన్నరాజు, ఏమి చేయగలడని కొందరు అడుగవచ్చును. భయపడుట పాపము కాదు. తనకున్న ధనము నిచ్చియుండవచ్చును. చక్రవర్తి యెదుట తానే తల వంచియుండవచ్చును. అతడు అట్లు చేయక, తనకేమియు నష్టము కలుగని దానిని ఎంచుకొనెను. హిజ్కియా రాజును జ్ఞాపకము చేసికొనుడి. కుమారులు బబులోనుకు కొనిపోబడుదురని ప్రవక్త చెప్పినప్పుడు, తన దినములలో సమాధానముండునని అతడు తృప్తిపడెను (యెషయా 39వ అధ్యాయము). అంత భక్తిగల రాజుకే ఆ తలంపు వచ్చినయెడల మనమెంతటివారము!

మనకు రాజ్యములు లేవు. అయినను అప్పుపత్రముమీద వేలిముద్ర వేయు తండ్రియు, కలహము అణగితే చాలునని సంఘపు స్థలమును వదలుకొను పెద్దయు ఇదే చోట నిలుచుచున్నారు. పితరుల స్వాస్థ్యము మనము అనుభవించుటకే గాక, కాచి అప్పగించుటకును ఇయ్యబడినది. కావున చేవ్రాలు చేయకమునుపు ఒక్క మాట అడుగుకొందము: దీని వెల నేను చెల్లింతునా, లేక ఇంకను మాటలురాని పసిబిడ్డ చెల్లించునా?

పిల్లలమీద భారము మోపు భయమునుండి ప్రభువు మనలను విడిపించును గాక. ఆమేన్.